ధర్మకాటా ఇంటి తూకం

బజారులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కాటాలు బాగుచేసే పని కాబట్టి మొదట్లో కాటాల మేస్త్రీ అన్నారు. తర్వాత్తర్వాత ధర్మకాటా అన్నారు. లారీలు తూచే కాటాకుండే పేరు మనిషికి పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఒకసారి ఇనుపసామాన్ల కొట్టాయన నవ్వుతూ, కిలోకి ఓ ఇరవై గ్రాములు కొట్టు వైపు మొగ్గేలా చూడవయ్యా, నీకూ నాకూ తప్ప మూడో కంటికి తెలియదు అన్నాడట. మన మేస్త్రీ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, విప్పిన కాటాను విప్పినట్టే బల్లమీద వదిలేసి ఇంటికి వచ్చేశాడు. ఆ కొట్టాయన వారం రోజులు కాటా లేకుండా ఈగలు తోలుకుని, చివరికి ఇంటికొచ్చి బతిమాలుకున్నాడు. ఆ తర్వాత బజారులో తూకం దగ్గర ఎవరికి పేచీ వచ్చినా ఇతన్నే పిలిచేవాళ్లు. ఇతనొచ్చి ఓ రాయి పెట్టి చూసి, ఇది సరి, ఇది తప్పు అనేవాడు. దాంతో పేచీ ఆగిపోయేది.

అంతటి మనిషి ఏం చేశాడో చెప్తాను వినండి. చెప్పాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం జరిగింది జరక్కుండా పోతుందా?

పెళ్లయిన ఆరేళ్లకు వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిదివందలు. వెనకటి రోజుల్లో నూనె కొలిచే చిన్న పాత్ర ఉండేది చూశారూ, గిద్ద అని, ఆ మాటే తండ్రి పాపకు ముద్దుపేరుగా పెట్టాడు. పేరు చిన్నదేగానీ గొంతు చిన్నది కాదు. పాలు తాగడం దగ్గర గిద్దది నానా యాగీ. రొమ్ము అందించగానే ఆబగా పట్టుకునేది, నాలుగు గుటకలు వేసేది, అంతలోనే నిప్పు తగిలినట్టు తల వెనక్కి విరుచుకుని కేరుమనేది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. గంట గడిచేసరికి తల్లీ పిల్లా ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యేవాళ్లు. పిల్ల కడుపులో మాత్రం ఏమీ చేరేది కాదు.

తల్లి చిన్నబడిలో లెక్కల టీచరు. నలభైమంది అల్లరి పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి. ఇంట్లో ఈ జానెడు పిల్ల ముందు ఆవిడ పప్పులు ఉడకలేదు. కూర్చుని పట్టింది, పడుకుని పట్టింది, పిల్లను చంకలోనుంచి వెనక్కి తిప్పి పట్టుకుని పట్టింది. చనుమొనలు పగిలి నెత్తురు వచ్చింది. పిల్ల నోరు పెట్టినప్పుడల్లా తువ్వాలు కొస పళ్లమధ్య బిగబట్టుకునేది. అయినా మానలేదు. ఈ పిల్లను నా పాలతోనే పెంచుతానని నెలలు నిండకముందు నుంచీ అనుకుంటున్న మనిషి మరి.

ఇంటి ముందుగదే మేస్త్రీ పనిగది. గోడ పొడుగునా బల్ల, బల్లమీద విప్పిన కాటాలు, పైఅరలో చెక్కపెట్టెలో ఇత్తడి రాళ్లు, గ్రాము నుంచి రెండు కిలోల దాకా వరసగా. ఆ పెట్టె అతను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అతను కూడా రాళ్లను గుడ్డతోనే పట్టుకునేవాడు, చెమట అంటితే బరువు మారుతుందని. పాప పుట్టకముందే, ఎవరో మూలన పడేసిన పసిపిల్లల కాటా ఒకటి తెచ్చి, గ్రాము తేడా లేకుండా బాగుచేసి, పడకగదిలో కిటికీ పక్కన పెట్టాడు. అంత మురిపెంగా కూతురికి ఊయల కొనేవాళ్లున్నారు, కాటా తెచ్చినవాడు ఇతనొక్కడే.

టీచరమ్మకు అంకెలంటే గురి. పాలు పట్టేముందు ఒకసారి, పట్టాక ఒకసారి తూచడం మొదలుపెట్టింది. గంటసేపు కుస్తీ పడితే ఆరు గ్రాములు. ఇంకోసారి నాలుగు. ఒకసారైతే తాగాక రెండు గ్రాములు తగ్గింది. చూస్తే పాప తూచేలోపే తడిపేసింది. టీచరమ్మ ముందు పగలబడి నవ్వింది, ఆ నవ్వు ఆగకుండానే ఏడ్చింది. భర్త పక్కనే నిలబడి ఏం చేయాలో తోచక కాటా అద్దం తుడిచాడు.

అయిదో రోజు క్లినిక్ నుంచి పెద్ద నర్సు ఇంటికొచ్చింది. ముప్ఫయ్యేళ్లుగా బాలింతల్ని చూస్తున్న మనిషి. పిల్ల నోరు తెరిచి చూసింది, తల్లి పట్టుకునే తీరు సరిదిద్దింది. తూచింది, రెండు కిలోల ఆరువందల తొంభై. మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలేననీ, ఇక పెరగాలనీ చెప్పింది. పూటపూటకీ తూచి బుర్ర పాడుచేసుకోవద్దంది. పట్టిన ప్రతిసారీ ఆ తర్వాత పంపుతో పిండి, వచ్చినన్ని పాలు చెంచాతో తాగించమంది. తడిసిన గుడ్డలు రోజుకు ఆరుకు తగ్గకూడదంది. పోతూపోతూ గుమ్మం దగ్గర ఆగి భార్యాభర్తలిద్దరితోనూ అంది.

"రోజూ పొద్దున ఒక్కసారి తూచండి. మీ ఇంట్లో కాటాకేం కొదవలేదుగా. పన్నెండో రోజు ఎలాగూ క్లినిక్‌కి చూపించడానికి రావాలి, కానీ వరసగా రెండు రోజులు పెరగకపోతే అప్పటిదాకా ఆగొద్దు. పాపను తీసుకుని నా దగ్గరికి వచ్చేయండి. డబ్బా పాలు కలుపుదాం. అందులో తప్పేం లేదమ్మా."

తప్పేం లేదన్నది ఆవిడ మంచికే. టీచరమ్మ చెవికి మాత్రం అది పరీక్ష తప్పావన్నట్టే వినిపించింది.

ఆరో రోజు రెండు కిలోల ఆరువందల అరవై. ముప్ఫై గ్రాములు తగ్గింది. టీచరమ్మ ఆ అంకెను కేలండరు వెనక రాసి, బట్టలారేసే వరండాలోకి వెళ్లి నేలమీద కూర్చుంది. కంచంలో అన్నం ముట్టలేదు. పంపు పెట్టుకుంటే అరగంటకు సీసా అడుగు తడిసిందంతే. మేస్త్రీ వెనకే వెళ్లి నిలబడ్డాడు.

"ఒక్క పనండీ," అంది అతని వైపు చూడకుండానే. "పిల్లి చేస్తుంది, కుక్క చేస్తుంది. నాకు చేతకావడం లేదు."

అతని తల్లి, ఇంట్లో పెద్దావిడ, వంటింట్లోంచి వింటూనే ఉంది. కొడుకు లోపలికి రాగానే మెల్లగా చెప్పింది, దిగులుపడే తల్లికి పాలు చేపవురా, ముందు దాని దిగులు పోగొట్టు అని. నర్సు కూడా ఆ ముక్క అననే అంది. పెద్దావిడ మనసులో ఉన్నది నాలుగు మంచిమాటలు చెప్పమనీ, పిల్లను కాసేపు ఎత్తుకోమనీ. ఆ మాట మేస్త్రీ బుర్రలోకి వెళ్లి మరోలా తిరిగింది. అంకె చూసి దిగులు, దిగులు వల్ల పాలు లేవు, పాలు లేక అంకె తగ్గడం. ఈ గొలుసులో తన చేతికి అందేది ఏది? అంకె ఒక్కటే. చెడిన చోటు పట్టుకుని సరిచేస్తే మిగతాదంతా దానంతటదే తిరుగుతుందని పాపం జీవితమంతా యంత్రాల దగ్గర నేర్చుకున్నాడు.

ఏడో రోజు పొద్దున భార్య స్నానానికి వెళ్లింది. పెద్దావిడ పాపకు నూనె రాస్తోంది. మేస్త్రీ కాటాను ముందుగదిలోకి తెచ్చి, తలుపు దగ్గరగా వేసి, తూకం సరిచేసే మీట నొక్కాడు. ఆ కాటా తీరు ఏమిటంటే, మీట నొక్కాక రెండు కిలోల రాయి పెట్టమంటుంది. ఏది పెడితే దాన్నే రెండు కిలోలని నమ్ముతుంది, ఇక అక్కణ్నుంచి ఆ లెక్కనే తూస్తుంది. మేస్త్రీ రెండు కిలోల రాయి తీయలేదు. ఒక కిలో రాయి, అర కిలో రాయి, రెండు రెండువందలవి, ఒక యాభై, ఒక ఇరవై పెట్టాడు. ముప్ఫై గ్రాములు తక్కువ. ఇనుపసామాన్ల కొట్లో స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వచ్చేసిన చేతులే అవి.

టీచరమ్మ తలారబెట్టుకుంటూ వచ్చి పాపను తూచింది. రెండు కిలోల ఆరువందల ఎనభై అయిదు. నమ్మలేక పాపను ఎత్తి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. మొగుడి చెయ్యి పట్టుకుని ఊపేసింది. కేలండరు వెనక ఆ అంకె రాసి చుట్టూ గీత గీసింది, బడిలో పిల్లల నోటుబుక్కులో గీసినట్టు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మేస్త్రీ మనసులో భాగించుకున్నాడు. అసలు తూకం ఆరువందల నలభై అయిదు. ఇంకో పదిహేను తగ్గింది. వరసగా రెండో రోజు. నర్సు రమ్మన్నది ఇప్పుడే.

వెళ్లలేదు. నాలుగు రోజులు, అనుకున్నాడు. ఈ నాలుగు రోజులూ ఆమె నవ్వుతూ ఉంటే పాలు పడతాయి, పిల్ల ఒళ్లు చేస్తుంది, రాళ్లు ఒక్కొక్కటే వెనక్కి పెట్టేస్తాను, అబద్ధం చోట్లోకి నిజం వచ్చి కూర్చుంటుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడండి. ఎనిమిదో రోజు మరో ముప్ఫై తగ్గించాడు, తొమ్మిదో రోజు ఇంకో ముప్ఫై, ఆ తర్వాతా రోజూ అంతే. ఎనిమిదో రోజు నుంచే అసలు తూకం లెక్కగట్టడం మానేశాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తాను చూడకపోతే ఆ అంకె లేనట్టే అనుకున్నాడు. బజారంతా ఎవరి మాటమీద తూస్తుందో ఆ మనిషి, సొంత కూతురి బరువు ఒక్క భాగహారం దూరంలో ఉంటే, చేయలేదు.

ఇంట్లో మాత్రం పండు వెన్నెలే అనుకోండి. టీచరమ్మ మొహం తేటపడింది. బరువు పెరుగుతోంది కదా, ఇక ఈ నరకమెందుకని పంపు కడిగి, ఆరబెట్టి, అలమరలో పెట్టేసింది. నిజానికి ఆ చెంచా పాలే అప్పటిదాకా పిల్లను నిలబెట్టినవి. ఆ సంగతి ఆమెకు తెలియదు. పట్టాక పిల్లను పక్కన వేసుకుని కళ్లు మూసేది. ఎన్నాళ్ల నిద్రో, ఒళ్లు తెలిసేది కాదు. లేపడానికి మనసొప్పక పెద్దావిడ కూడా గదిలోకి వెళ్లేది కాదు. భర్త తలుపు సందులోంచి చూసి, నేను చేసింది మంచే అనుకునేవాడు. భార్య మీద ప్రేమ లేక చేసిన పని కాదు అది. ఆ నిద్రమొహం చూసి అతనికి కళ్లనీళ్లు తిరిగేవి.

గిద్ద కూడా మారింది. కేకలు తగ్గాయి. తల విరుచుకోవడం మానేసింది. రొమ్ము నోట్లో పెట్టుకుని రెండుసార్లు చప్పరించి నిద్రలోకి జారుకునేది. దారికొచ్చింది, బుద్ధిమంతురాలైంది అని టీచరమ్మ మురిసిపోయింది. వేలు పట్టి ఒకట్లూ పదులూ చెప్పింది. పక్కింటావిడ వచ్చి, నాలుగిళ్లకు వినపడే ఏడుపు ఏమైంది తల్లీ, పిల్లను మార్చేశారా అని వేళాకోళమాడితే అందరూ నవ్వారు.

ఒక్క పెద్దావిడే నవ్వలేదు. పదో రోజు పాపకు స్నానం చేయించి, కాసేపు చేతుల్లో పట్టుకుని ఊరికే కూర్చుంది. తర్వాత ముందుగదిలోకి వచ్చి, కొడుకు బల్ల పక్కన నిలబడింది.

"ఒరేయ్, అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడగడం మానేసిందిరా. నాకు బాగోలేదు."

"కాటా పెరుగుతోంది కదమ్మా," అన్నాడతను, తల ఎత్తకుండా.

ఆ ఇంట్లో కాటా మాటకు ఎదురు ఉండదు. ఆవిడ పెళ్లినాటి నుంచీ అంతే, మొగుడూ కాటాల మేస్త్రీయే. తన చేతులకు తెలిసినదానికంటే యంత్రానికే ఎక్కువ తెలుసునేమోనని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాప గుడ్డలు ఉతికేది మేస్త్రీయే. బాలింతకు చన్నీళ్లు పనికిరావని తానే ఒప్పుకున్న పని. కాబట్టి తెలియదనడానికి వీల్లేదు. అయిదో రోజు తీగమీద ఆరు గుడ్డలుండేవి. తొమ్మిదో రోజు నాలుగు. పదకొండో రోజు రెండు. అందులో ఒకదానిమీద ఇటుకపొడి రంగు మరక, పసిపిల్లకు ఒంట్లో నీరు చాలనప్పుడు పడేది. తీగ తుప్పు అంటిందనుకుని సబ్బు పెట్టి రుద్దాడు. ఆ తీగకు తుప్పు లేదు, ప్లాస్టిక్ తొడుగు ఉంది. రుద్దుతూనే ఆ సంగతి అతనికి తట్టింది. తట్టినా రుద్దాడు.

మరి అప్పుడైనా ఎందుకు నోరు విప్పలేదంటారా? విప్పితే ఒక్క రోజులో రెండువందల గ్రాములు ఏమైనట్టు? పులిమీద సవారీ చేసేవాడికి దిగడమే కష్టం. పన్నెండో రోజు క్లినిక్‌కి ఎలాగూ వెళ్తాం, అక్కడ నర్సు చూసుకుంటుంది, ఆవిడ నోటితోనే తెలుస్తుంది, డబ్బా పాలు ఇస్తారు, అంతా సర్దుకుంటుంది అనుకున్నాడు. ఒక్క రోజే కదా అనుకున్నాడు. పసిబిడ్డకు ఒక్క రోజంటే ఎంతో అతనికి తెలియదు.

పన్నెండో రోజు పొద్దున ఇంటి కాటా రెండు కిలోల ఏడువందల ఎనభై చూపించింది. టీచరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. కేలండరు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది, నర్సుకు చూపించడానికి. దారి పొడుగునా పిల్ల నిద్రే. ఎండ మొహాన పడినా కళ్లు విప్పలేదు.

క్లినిక్‌లో చిన్న గది. ఒక బల్ల, గోడకు గడియారం, కిటికీ కింద పసిపిల్లల కాటా. దాని పక్కన అతికించిన చీటీమీద కిందటి నెల తారీఖు, కింద మేస్త్రీ సంతకం. నర్సు పాప బట్టలు విప్పి పడుకోబెట్టింది. రెండు కిలోల అయిదువందల నలభై. ఆవిడ పాపను ఎత్తి, మళ్లీ పడుకోబెట్టింది. అదే అంకె. పాప పొట్టమీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. నోట్లో వేలు పెట్టి చూసింది. అరికాలు మీద గట్టిగా తట్టింది. గిద్ద మూలిగిందంతే.

పాపను వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, బండి పిలుస్తున్నానంది. టీచరమ్మకు అర్థం కాలేదు. పొద్దునే ఏడువందల ఎనభై వచ్చిందనీ, రోజూ ఇరవై చొప్పున పెరుగుతోందనీ, కావాలంటే చూడండనీ కాగితం తీసి విప్పింది. మీ కాటా చెడినట్టుందండీ అంది మర్యాదగానే. నర్సు చేతులు చాస్తే పాపను ఇవ్వలేదు, గుండెకు హత్తుకుంది. నా పిల్ల బాగానే ఉంది, పాలు తాగి నిద్రపోతోంది, ఎక్కడికీ తీసుకెళ్లను అంది. కావాలంటే ఆయన్నే అడగండి, కాటాల సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు అంది.

నర్సు గోడ పక్కన నిలబడ్డ మేస్త్రీ వైపు తిరిగింది.

"మేస్త్రీగారూ, కిందటి నెల మీరే చూశారు. ఇది సరిగ్గా ఉందా, లేదా? తొందరగా చెప్పండి."

చెప్పొద్దూ, కాటా విప్పి చూడాలి అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటంటే భార్య పిల్లను ఎత్తుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతుంది. ఈ పూటకు గడుస్తుంది. అతని మాటమీద ఇంకెవరూ మాట్లాడరు. అంతలో భార్య భుజంమీద పాప తల పక్కకు వాలింది. ఎవరూ సరిచేయకపోతే అలాగే ఉండిపోయింది.

"ఇది సరిగ్గానే ఉంది," అన్నాడు. "ఇంట్లోదే తప్పు."

టీచరమ్మ అతని మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు. అతని పరువు పోయిందే అన్న జాలి కనిపించింది. చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టుకుంది. "పోనీండి," అంది. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పిల్ల పుట్టిన కంగారులో చూసుకోలేదు మీరు."

అక్కడితో ఆగినా సరిపోయేది. పాపను పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు, అతనిది పొరపాటుగానే మిగిలేది. తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకుని ఉండొచ్చు. కానీ ఆమె చెయ్యి మోచేతిమీద ఉండగా ఆ పని అతనివల్ల కాలేదు. మనిషిలో ధర్మకాటా ఎక్కడో కాస్త మిగిలే ఉంది, ఆలస్యంగా లేచింది.

"పొరపాటు కాదు. తెలిసే మార్చాను. రోజూ మార్చాను. నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

మోచేతిమీద చెయ్యి జారింది. టీచరమ్మ పాపను నర్సు చేతుల్లో పెట్టింది.

పెద్దాసుపత్రిలో గిద్దకు ముక్కులోంచి గొట్టం వేశారు, కాలికి సూది గుచ్చి చుక్కచుక్కగా నీళ్లెక్కించారు. ఒంట్లో నీరు ఎండిపోయి నెత్తుట్లో ఉప్పు పెరిగిందనీ, దాన్ని తొందరపడి దించితే ఇంకా ప్రమాదమనీ డాక్టరు చెప్పింది. రెండో రోజు పాపకు ఒళ్లు బిగుసుకుని కొట్టుకుంది. మూడో రోజుకు సద్దుమణిగింది. ప్రాణానికి గండం గడిచిందనుకోవచ్చు అంది డాక్టరు. మెదడుమీద ఏమైనా పడిందా అని టీచరమ్మ అడిగింది. ఇప్పుడే చెప్పలేమమ్మా, కూర్చోవడం, నిలబడటం, మాట్లాడటం, ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి, ఏడాదో రెండేళ్లో పడుతుంది అంది. లెక్కల మనిషికి ఇవ్వకూడని జవాబు అది. కానీ ఉన్న జవాబు అదే.

టీచరమ్మ ఆసుపత్రి పంపుతో మూడు రోజులు ప్రయత్నించింది. రెండు గంటలకోసారి, ప్రతిసారీ అరగంట. మొదటి రోజు చెంచాడు వచ్చాయి. మూడో రోజు చుక్కలు. ఇంకా ప్రయత్నించవచ్చమ్మా, వారం రోజులు ఓపిక పట్టండి అని అక్కడి నర్సు చెప్పింది. ఆమె పంపు కడిగి తిరిగి ఇచ్చేసింది. పాపకు గొట్టంలోంచి డబ్బా పాలు వెళ్తున్నాయి, రెండు గంటలకోసారి, ముప్ఫై మిల్లీలీటర్లు. వెళ్లినప్పుడల్లా పాప రంగు కాస్త తిరిగేది. ఇంత సుళువైన పని అన్నమాట, అనుకుంది టీచరమ్మ. పన్నెండు రోజులూ అంత యాతన ఇంత సుళువైన పని కోసం.

పెద్దావిడ కారియరు పట్టుకుని వచ్చింది. కొడుకు వైపు చూడలేదు. కోడలి పక్కన కూర్చుని, అన్నం కలిపి ముద్దలు చేసి చేతికిచ్చింది. ఆమె తిన్నాక, చెయ్యి కడిగించాక, అప్పుడు కొడుకుతో అంది.

"నా చేతులకు తెలిసిందిరా ఆ రోజే. నేనే నోరు మూసుకున్నాను."

అంతకంటే ఆవిడ తిట్టి ఉన్నా బాగుండేది అతనికి.

ఆ సాయంత్రం వార్డు బయట బెంచీమీద భార్యాభర్తలిద్దరే ఉన్నారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత చోటు ఉంది. మేస్త్రీ క్షమించమని అడిగాడు. అడగడం అది ఎన్నోసారో అతనికే తెలియదు. ఆమె ఎదుటి గోడనే చూస్తూ ఉంది. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది, బడిలో పాఠం చెప్పినట్టు.

"మీరు అబద్ధం చెప్పారని కాదండీ. ఆ అయిదు రోజులూ నేను నిద్రపోయాను. పిల్ల ఆకలితో నీరసించి పక్కన పడుంటే, బుద్ధిమంతురాలైందని ముద్దుపెట్టుకుని నిద్రపోయాను. ఏడుస్తూ ఉన్నప్పుడు నేను దాని తల్లినే. చేతకాకపోయినా తల్లినే. మీరు నన్ను నిద్రపుచ్చారు."

నేను నీకోసమే చేశానన్న మాట ఇక జీవితంలో నోటివెంట రాకూడదని అతనికి అర్థమైంది. వార్డులో ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడ్చింది. గట్టి ఏడుపు, నిండు కడుపు కోసం ఏడ్చే ఏడుపు. టీచరమ్మ తల అటు తిప్పి, ఆ ఏడుపు ఆగేదాకా వింది.

తర్వాత చీర సర్దుకుంది. పాపకు మళ్లీ పాలు ఎక్కించే వేళ నాలుగింటికి. అప్పుడు పక్కన ఉండి, పాప వేలు పట్టుకోనిస్తారు.

"టైమెంతయింది?" అంది.

మేస్త్రీ చేతి గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది."

ఆమె తల ఊపి లేచింది. వార్డు తలుపు దాకా నడిచి, అక్కడ బల్ల దగ్గర కూర్చున్న నర్సును టైమెంతయిందని అడిగింది.